ఇంటి నంబరు ఉంటే అనుమతి ఉన్నట్లేనా?

నానక్‌రామ్‌గూడ (శేరిలింగంపల్లి): ఇంటి పన్ను రసీదు ఉంది. కరెంటు మీటరు తిరుగుతోంది. నల్లా నీరు వస్తోంది. ఇక భవనానికి ఏ లోటూ లేదని అమ్మేవారు చెబుతారు, కొనేవారు నమ్ముతారు. అద్దెకు దిగేవారైతే అసలు అడగనే అడగరు. అయితే ఈ మూడింటిలో ఏ ఒక్కటీ నిర్మాణ అనుమతి కాదు. మూడూ కలిపి చూపినా కాదు. కాగితాల మధ్య ఉన్న ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. 2016 డిసెంబర్ 8న నానక్‌రామ్‌గూడలో ఆ తేడా పదకొండు మందిని బలి తీసుకుంది.

సైబరాబాద్ ప్రాంతంలో ఇల్లు కట్టేవారు, కొనేవారు, అద్దెకు ఉండేవారు, ఆ ఇళ్లకు కూలికి వెళ్లేవారు ఏ కాగితం దేనికి పనికివస్తుందో, దేనికి పనికిరాదో తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది. 

ఆ రాత్రి జరిగింది ఇదీ..

2016 డిసెంబర్ 8 గురువారం రాత్రి. నానక్‌రామ్‌గూడ పాత ఊరి భాగంలో నిర్మాణంలో ఉన్న ఏడంతస్తుల భవనం ఒక్కసారిగా పేకమేడలా కూలిపోయింది. పగలంతా అక్కడ పనిచేసిన కూలీల కుటుంబాలు రాత్రి ఆ భవనంలోనే తలదాచుకునేవి. విజయనగరం జిల్లా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు వారిలో ఎక్కువ మంది. జాతీయ విపత్తు స్పందన దళం, అగ్నిమాపక, పురపాలక సిబ్బంది రాత్రింబవళ్లు శిథిలాలను తొలగించారు. ఒక తల్లి, ఆమె పసివాడు సజీవంగా బయటపడ్డారు. పదకొండు మృతదేహాలను వెలికితీశారు.

ఆ భవనానికి అనుమతి లేదని అధికారులే ప్రకటించారు. యజమానిని పోలీసులు అరెస్టు చేశారు. బాధ్యులైన పురపాలక అధికారులపై సస్పెన్షన్ వేటు పడింది. ఏడంతస్తులు ఒక్క రాత్రిలో లేచినవి కావు. పునాది తీసిన నాటి నుంచి ఏడో స్లాబు పడేదాకా నెలల తరబడి పని సాగి ఉండాలి. అన్ని నెలలూ ఆ వీధి గుండా ఎందరు వెళ్లారో, ఎందరు చూశారో, చూసి ఎందుకు ఊరుకున్నారో అన్న ప్రశ్న అప్పుడూ లేచింది, ఇప్పటికీ పూర్తిగా సద్దుమణగలేదు.

ఒకే దారి.. రెండు పాలనలు

నానక్‌రామ్‌గూడకు ఈ పరిస్థితి ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఊరి పాలన చేతులు మారిన తీరు చూడాలి. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998 నవంబర్‌లో ప్రారంభమైంది. 2001లో ఈ ప్రాంతంలోని గ్రామాలను కలిపి 52 చదరపు కిలోమీటర్ల పరిధితో సైబరాబాద్ అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. 2007 ఏప్రిల్ 16న శేరిలింగంపల్లి సహా 12 పురపాలక సంఘాలు హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసి గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడింది. మరుసటి ఏడాది ఆగస్టులో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ, హుడా తదితర సంస్థలు హెచ్‌ఎండీఏలో విలీనమయ్యాయి. 2025 చివరలో ఔటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల ఉన్న 27 పురపాలికలను గ్రేటర్‌లో కలిపి, వార్డుల సంఖ్యను 150 నుంచి 300కు పెంచారు.

ఇవి చాలవన్నట్లు మరొక పాలన కూడా ఉండేది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ కేటాయించిన భూములకు పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ, అంటే ఐలా, ప్రత్యేకంగా పనిచేసింది. అక్కడ భవన అనుమతులు, పన్ను వసూలు దాని బాధ్యత. ఫలితంగా దారికి ఒక పక్కన ఉన్న అద్దాల మేడకు ఒక కార్యాలయం, మరో పక్కన ఉన్న పాత ఊరి ఇంటికి వేరొక కార్యాలయం జవాబుదారీ అయ్యాయి. అమెజాన్ సంస్థ తన భారీ ప్రాంగణానికి శంకుస్థాపన చేసినదీ 2016లోనే, పాత ఊళ్లో ఏడంతస్తుల భవనం కూలినదీ 2016లోనే. ఆ ప్రాంగణం 2019 ఆగస్టులో ప్రారంభమైంది. ఇక్కడే 2023 మార్చిలో అమెరికా కాన్సులేట్ కొత్త భవనం తెరుచుకుంది. పెద్ద నిర్మాణాలకు మట్టి పరీక్ష, నిర్మాణ నిపుణుడి లెక్కలు, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరిగా సాగుతాయి. నాలుగు వీధుల అవతల మేస్త్రీ నోటి లెక్కతో స్లాబులు పడతాయి.

పాలన చేతులు మారిన ప్రతిసారీ ప్రజల్లో ఒక అపోహ వ్యాపిస్తుంది. పాత కార్యాలయం పోయింది కనుక పాత లెక్కలూ పోయినట్లేనని కొందరు భావిస్తారు. బోర్డు మీద పేరు మారినంత మాత్రాన పాత సంస్థ సక్రమంగా ఇచ్చిన అనుమతి చెల్లకుండా పోదు. పాత అక్రమం సక్రమమూ కాదు. దస్త్రాలన్నీ కొత్త సంస్థకు బదిలీ అవుతాయి.

గ్రామకంఠం కథ

కూలిన భవనం గ్రామకంఠం స్థలంలో ఉంది. ఈ మాట ఈ ప్రాంత ప్రజలకు కొత్తది కాదు గానీ దాని చట్టపరమైన అర్థం చాలామందికి తెలియదు. రెవెన్యూ రికార్డుల్లో సాగు భూములకు సర్వే నంబర్లు, పట్టాలు ఉంటాయి. ప్రజలు ఇళ్లు కట్టుకుని నివసించే ఊరి నడి భాగాన్ని మాత్రం మొత్తంగా గ్రామకంఠంగా చూపి వదిలేశారు. అందులో ఎవరి ఇల్లు ఎంత, ఎవరి దొడ్డి ఎక్కడిదాకా అన్నది తాతముత్తాతల నుంచి వస్తున్న అనుభవమే చెప్పాలి. పంచాయతీ ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇరుగుపొరుగు సాక్ష్యం.. ఇవే అక్కడి ఆధారాలు.

ఊరు ఊరుగా ఉన్నంతకాలం ఇందులో చిక్కు రాలేదు. పెంకుటిల్లు తీసి డాబా వేసుకునేవారు. కొడుకు పెళ్లయితే పైన రెండు గదులు వేసేవారు. చుట్టూ కొలువుల కోసం వేలాది మంది వచ్చి అద్దె ఇళ్లు వెతకడం మొదలయ్యాక లెక్క మారింది. పొలం పోయి, స్థలం ఒక్కటే మిగిలిన కుటుంబానికి ఆ వంద గజాలే పొలమైంది. పొలం ఏడాదికి రెండు పంటలు ఇస్తుంది, గదులు నెలనెలా ఇస్తాయి. ఎన్ని అంతస్తులు వేస్తే అంత రాబడి. ఈ ఆశను తప్పు పట్టడం తేలికే. అభివృద్ధి పేరుతో భూమి వదులుకున్నవారికి మిగిలిన ఆదాయ మార్గం మరొకటి చూపినవారు లేరన్నదీ గుర్తుంచుకోవాలి.

అయితే గ్రామకంఠమైనంత మాత్రాన అనుమతి అక్కర్లేదన్న మాట పూర్తిగా అపోహ. 2012 ఏప్రిల్ 7న జారీ అయిన 168వ నంబరు ఉత్తర్వులోని భవన నిర్మాణ నిబంధనలు గ్రామకంఠాలను, ఆబాదీలను, ఇరుకు ప్రాంతాలను పేరుపెట్టి ప్రస్తావించాయి. రోడ్డు వెడల్పు వంటి కొన్ని విషయాల్లో సడలింపు ఇచ్చాయి. సడలింపు అంటే మినహాయింపు కాదు. ఆ నిబంధనల ప్రకారం 18 మీటర్ల ఎత్తుకు చేరితే అది బహుళ అంతస్తుల భవనం. దానికి కనీసం 2000 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. గజాల్లో చెప్పాలంటే దాదాపు 2400, అంటే సుమారు అర ఎకరం. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున చూసినా ఏడంతస్తులు 21 మీటర్లవుతాయి. పాత ఊరి ఇరుకు సందుల్లో అర ఎకరం ఒక్క చోట దొరకడం కల్ల.

ఏ కాగితం దేనికి?

ఇంటి నంబరు, ఆస్తి పన్ను: పన్ను అనేది అక్కడ కట్టడం ఉన్నందుకు, దాన్ని వాడుకుంటున్నందుకు వసూలు చేసేది. కట్టడం సక్రమమా అక్రమమా అన్నది పన్ను విభాగం తేల్చే విషయం కాదు. అనుమతి లేని కట్టడానికీ పన్ను వేస్తారు, పైగా జరిమానాతో కలిపి వేసే అవకాశమూ ఉంది. కనుక పదేళ్ల పన్ను రసీదులు దొంతరగా చూపినా అవి అనుమతికి సాక్ష్యం కావు.

కరెంటు, నీటి కనెక్షన్లు: ఇవి సరఫరా సంస్థలకు, వినియోగదారుకు మధ్య ఒప్పందాలు. నివాసయోగ్యతా పత్రం లేని భవనాలకు శాశ్వత కనెక్షన్లు ఇవ్వరాదని నిబంధనలు చెబుతున్నాయి. ఆచరణలో ఏం జరుగుతోందో వీధిలో నడిచేవారెవరికైనా తెలుసు.

రిజిస్ట్రేషన్ దస్తావేజు: స్థలం లేదా ఫ్లాటు చేతులు మారిందనడానికి ఇది ఆధారం. భవనం ప్లాను ప్రకారం కట్టారా లేదా అన్నది ఇందులో ఉండదు.

నిర్మాణ అనుమతి: జీహెచ్‌ఎంసీ చట్టంగా పిలిచే 1955 నాటి చట్టంలోని 428వ సెక్షన్ కింద, భవనం కట్టదలచినవారు ముందుగా కమిషనర్‌కు తెలియజేసి అనుమతి పొందాలి. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ఈ ప్రక్రియను సులభతరం చేసింది. ఆ ఏడాది నవంబర్ 16న ఇది అమలులోకి వచ్చింది. డెబ్భై ఐదు గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు లోపు, అంటే ఒక అంతస్తో రెండు అంతస్తులో కట్టుకునేవారికి అనుమతి అవసరం లేకుండా ఒక్క రూపాయితో నమోదు సరిపోతుందని చట్టం పేర్కొంది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, పది మీటర్ల ఎత్తు లోపు నివాసాలకు స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి ఇచ్చారు. అంతకు మించినవాటికి ఏకగవాక్ష విధానంలో 21 రోజుల గడువు పెట్టారు. 2025లో బిల్డ్‌నౌ పేరుతో కొత్త ఆన్‌లైన్ విధానం ప్రవేశపెట్టారు.

స్వీయ ధ్రువీకరణ అనే మాటను తేలికగా తీసుకోరాదు. దరఖాస్తుదారు చెప్పిందే నమ్మి అనుమతి ఇస్తారు కనుక, చెప్పింది అబద్ధమని తేలితే శిక్ష కూడా కఠినంగా ఉంది. స్థలం రిజిస్ట్రేషన్ విలువలో 25 శాతం వరకు జరిమానా, కట్టడం తొలగింపు వంటివి చట్టంలో ఉన్నాయి. డెబ్భై ఐదు గజాలలో నమోదు చేయించుకుని నాలుగంతస్తులు లేపితే ఆ ఒక్క రూపాయి రసీదు ఏ విధంగానూ కాపాడదు.

తనఖా భాగం: దీని గురించి కొనుగోలుదారుల్లో చాలామందికి తెలియదు. 2012 నిబంధనల ప్రకారం, చిన్న ఇళ్లు మినహా మిగిలిన భవనాల యజమానులు కట్టబోయే విస్తీర్ణంలో పది శాతాన్ని పురపాలక సంస్థకు తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టినట్లు తేలి నివాసయోగ్యతా పత్రం వచ్చాకే దాన్ని విడిపిస్తారు. తప్పుగా కట్టిన బిల్డరు ఈ పత్రం కోసం వెళ్లడు. తనఖాలో ఉన్న ఫ్లాటును మాత్రం కొంత ధర తగ్గించి అమ్మజూపుతాడు. తక్కువ ధరకు దొరికిందని సంబరపడి కొన్నవారు తర్వాత కార్యాలయాల చుట్టూ తిరుగుతారు. ఫ్లాటు కొనే ముందు ఈసీ తీయించి, అందులో పురపాలక సంస్థ పేరిట తనఖా ఉందేమో చూసుకోవాలి.

నివాసయోగ్యతా పత్రం: వాడుకలో ఓసీ అంటారు. మంజూరైన ప్లాను ప్రకారం భవనం పూర్తయిందని, మనుషులు నివసించవచ్చని పురపాలక సంస్థ ఇచ్చే పత్రం ఇది. పైన చెప్పిన కాగితాలన్నింటిలో ఒకే ఒక్కటి అడగవలసి వస్తే దీన్నే అడగాలి. పత్రంలో ఎన్ని అంతస్తులు రాశారో, ఎదుట ఎన్ని అంతస్తులు కనిపిస్తున్నాయో లెక్కపెట్టుకోవాలి. ఇది హాస్యానికి చెబుతున్న మాట కాదు. పత్రంలో మూడు, ఎదుట ఐదు ఉన్న భవనాలు ఒక్క నానక్‌రామ్‌గూడకే పరిమితం కావు.

అంతస్తు పెరిగితే ఏమవుతుంది?

రెండంతస్తులకు వేసిన స్తంభం మీద మరో నాలుగు వేస్తే ఏమవుతుందని అడిగితే, గట్టి ఇనుము వేశాం, ఏమీ కాదు అని చెప్పే మేస్త్రీలు ఉన్నారు. స్తంభం బలం ఇనుముతోనే తేలదు. కింది నేల ఎంత బరువు మోయగలదన్నది మొదటి లెక్క. పునాది దిమ్మె ఎంత వెడల్పు, ఎంత లోతు అన్నది రెండో లెక్క. ఆ తర్వాతే స్తంభం కొలతలు, అందులోని ఊచలు. హైదరాబాద్ నేల రాతి నేల కదా అన్న ధీమా చాలామందికి ఉంటుంది. ఒకే స్థలంలో ఒక మూల బండరాయి, మరో మూల మొరం, ఇంకో మూల పాత చెరువు పూడిక తగిలిన సందర్భాలు ఈ ప్రాంతంలో పని చేసేవారికి అనుభవమే. అటువంటి చోట ఒక వైపు దిమ్మె కుంగితే బరువంతా మిగిలిన స్తంభాల మీద పడుతుంది.

కాంక్రీటు గట్టిపడటానికి కాలం కావాలి. వారం రోజులకు దాదాపు మూడింట రెండు వంతుల బలం వస్తుంది. పూర్తి బలానికి 28 రోజులు పడుతుందని లెక్క. అంతవరకు తడి ఆరనీయరాదు. అధికారుల కంట పడక ముందే పై స్లాబు వేసేయాలని తొందరపడేవారికి 28 రోజులు ఆగే ఓపిక ఎక్కడిది? అనుమతి లేకపోవడానికి, నాణ్యత లేకపోవడానికి ఉన్న సంబంధం ఇక్కడే బయటపడుతుంది. దొంగచాటు పని తొందర పని అవుతుంది. ఈ విలేకరి సొంత ఊళ్లో మూడు గదుల ఇల్లు కట్టుకున్నప్పుడు స్లాబుకు నీళ్లు కట్టడం మానేసిన రెండు రోజులకే మేస్త్రీ చేత చీవాట్లు పడ్డాయి. ఆ మేస్త్రీ చదువుకున్నవాడు కాదు. తొందర పెట్టేవారు లేక పని పద్ధతిగా చేశాడంతే.

పక్కింటి గుంతతో ముప్పు

సొంత ఇల్లు సక్రమంగా ఉన్నా పక్క స్థలం నుంచి ముప్పు వస్తుందనడానికి దగ్గరి ఉదాహరణ గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్. 2024 నవంబర్ 19న అక్కడ వంద గజాలైనా లేని స్థలంలో కట్టిన నాలుగంతస్తులకు పైబడిన భవనం పక్కకు ఒరిగింది. పక్క స్థలంలో కొత్త నిర్మాణానికి తీసిన గుంతలే కారణమని అధికారులు గుర్తించారు. లోపల ఉన్నవారు కట్టుబట్టలతో పరుగున బయటికి వచ్చారు. చుట్టుపక్కల ఇళ్లనూ ఖాళీ చేయించి, మరునాడు యంత్రాలతో ఆ భవనాన్ని కూల్చివేశారు. ప్రాణనష్టం జరగలేదు.

పునాది దిమ్మె చుట్టూ ఉన్న మట్టి దాన్ని పట్టి ఉంచుతుంది. ఆనుకుని గుంత తీస్తే ఆ మట్టి గుంతలోకి జారుతుంది, దిమ్మె కింద ఆధారం పోతుంది. మధ్యలో ఖాళీ స్థలం వదలాలన్న నిబంధన గాలి వెలుతురు కోసమే కాదు, ఇందుకు కూడా. రెండు గోడల మధ్య చేయి పట్టని వీధుల్లో ఇద్దరూ ఖాళీ వదలలేదు కనుక ఇద్దరికీ ముప్పే. వర్షాకాలంలో సెల్లార్ల తవ్వకాన్ని పురపాలక సంస్థ ఏటా నిషేధించేది కూడా మట్టి నాని జారుతుందనే.

పక్క స్థలంలో జేసీబీ దిగిన రోజే యజమానిని అనుమతి పత్రం అడగాలి. గోడకు, నేలకు కలిసే చోట సన్నని పగుళ్లు, ఉన్నట్లుండి తలుపులు సరిగా మూసుకోకపోవడం, గచ్చు ఒక వైపు వాలడం గమనిస్తే ఆలస్యం చేయకుండా బయటికి రావాలి. ప్రమాదకర స్థితిలో ఉన్న కట్టడాన్ని ఖాళీ చేయించి తొలగించే అధికారం చట్టంలోని 456వ సెక్షన్ కింద కమిషనర్‌కు ఉంది. ఫిర్యాదులో ఆ సెక్షన్‌ను పేర్కొంటే అధికారి దాటవేయడం కష్టమవుతుంది.

ఎప్పటికప్పుడు చివరి అవకాశమే!

ఇంత జరిగినా అక్రమ అంతస్తులు ఆగకపోవడానికి ఒక కారణం ప్రభుత్వాల తీరులోనే ఉంది. 2007 డిసెంబర్ 31న అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం భవనాల క్రమబద్ధీకరణకు ఉత్తర్వులు ఇచ్చింది. ఇదే చివరి అవకాశం అన్నారు. 2015 నవంబర్ 2న తెలంగాణ ప్రభుత్వం 152వ నంబరు ఉత్తర్వుతో మరో పథకం తెచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 28 నాటికి కట్టిన భవనాలకే వర్తిస్తుందని, ఇక ఉండదని చెప్పారు. వ్యవహారం హైకోర్టుకు చేరింది, దరఖాస్తులపై తుది ఉత్తర్వులు ఇవ్వరాదని న్యాయస్థానం ఆదేశించింది. మరుసటి ఏడాదే నానక్‌రామ్‌గూడ భవనం కూలింది. 2020 ఆగస్టులో వచ్చిన ఎల్‌ఆర్‌ఎస్ భవనాలకు సంబంధించినది కాదు, లేఅవుట్లకు సంబంధించినది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడి కొనుగోలుదారులను తికమక పెట్టే మధ్యవర్తులు ఉన్నారు.

క్రమబద్ధీకరణ దరఖాస్తు రసీదు చూపి, రేపో మాపో అయిపోతుందని చెబితే నమ్మరాదు. దరఖాస్తు పెట్టడం వేరు, ఉత్తర్వు చేతికి రావడం వేరు. రుసుము చెల్లిస్తే ప్లాను వ్యత్యాసం కాగితం మీద సరిపోతుందేమో గానీ, చాలని స్తంభానికి బలం రాదు.

న్యాయస్థానాలు ఏం చెప్పాయి?

సుప్రీంకోర్టు 2024లో ఒక్క నెల తేడాతో రెండు తీర్పులు ఇచ్చింది. వాటిని కలిపి చదువుకోవాలి. నవంబర్ 13 నాటి తీర్పు కట్టడం యజమాని పక్షాన నిలిచింది. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా, వాదన వినకుండా కూల్చరాదని పేర్కొంది. రోడ్లు, కాలిబాటలు, నీటి వనరుల వంటి బహిరంగ స్థలాల్లోని ఆక్రమణలకు, న్యాయస్థానం ఉత్తర్వుతో జరిగే కూల్చివేతలకు ఇది వర్తించదు.

డిసెంబర్ 17న ఉత్తరప్రదేశ్ కేసులో వెలువడిన తీర్పు మాత్రం అధికారులను, బ్యాంకులను, సరఫరా సంస్థలను నిలదీసింది. నిర్మాణం జరుగుతున్నంతకాలం మంజూరైన ప్లానును స్థలంలో ప్రదర్శించాలి. అధికారులు ఎప్పటికప్పుడు తనిఖీ చేసి నమోదు చేయాలి. పూర్తయినట్లు పత్రం వచ్చాకే స్వాధీనం చేయాలి, కరెంటు, నీరు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలి. బ్యాంకులు ఆ పత్రం సరిచూసుకునే రుణం మంజూరు చేయాలి. అనుమతి లేని భవనంలో వ్యాపార లైసెన్సు ఇవ్వరాదు. తప్పుగా అనుమతులిచ్చిన అధికారులపై శాఖాపరమైన చర్య తీసుకోవాలి. ఐటీ ఉద్యోగుల హాస్టళ్లు నడిచే భవనాలకు వ్యాపార లైసెన్సు మాట నేరుగా తగులుతుంది. దీర్ఘకాలం ఒకే కొలువులో లేని యువతీ యువకులు, తల్లిదండ్రుల చేత అడ్వాన్సు కట్టించి చేరే ముందు, గది ఎంత శుభ్రంగా ఉందో చూసినట్లే మెట్ల దారి ఎన్ని ఉన్నాయో, ఓసీ ఉందో లేదో కూడా చూడాలి.

న్యాయస్థానం అక్రమమని తేల్చిన కట్టడాలు కూలిన సందర్భాలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో అటువంటి బహుళ అంతస్తుల భవనాన్ని 2025 జనవరి 5న హైడ్రా కూల్చివేసింది. భవనం పూర్తయ్యాక కూల్చడం కంటే మొదటి స్లాబు దగ్గరే ఆపడం అందరికీ మేలు. నోటీసు ఇవ్వాలన్న 452వ సెక్షన్, తొలగింపునకు సంబంధించిన 636వ సెక్షన్ చట్టంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. 2016లోనూ ఉన్నాయి.

ఫిర్యాదు ఎలా చేయాలి?

నోటి మాటగా చెప్పిన ఫిర్యాదు గాలికి పోతుంది. సోమవారం ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇచ్చి, నంబరు వేసిన రసీదు తీసుకోవాలి. కట్టడం ఎదుట నిలబడి తేదీ కనిపించేలా తీసిన ఫొటో జత చేయాలి. ఏ స్లాబు వరకు వచ్చిందో రాయాలి. నెల తర్వాత మరో రెండు స్లాబులు పడితే ఆ ఫొటోయే సాక్ష్యం.

ఎవరిపైనా ఫిర్యాదు చేయడం ఇష్టం లేనివారు సమాచార హక్కు చట్టాన్ని ఉపయోగించుకోవచ్చు. పది రూపాయల రుసుముతో పురపాలక కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేయాలి. ఫలానా ఇంటి నంబరు భవనానికి అనుమతి ఇచ్చారా, ఇచ్చి ఉంటే నంబరు, తేదీ, మంజూరైన అంతస్తులు, ప్లాను నకలు, ఓసీ నకలు ఇవ్వాలని అడిగితే చాలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనవసరం లేదు. సమాధానానికి గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించిన విషయమైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలో ఉంది. పగుళ్లు వచ్చిన గోడ కింద నివసించేవారు ఆ సంగతిని దరఖాస్తులో స్పష్టంగా రాయాలి. సమాధానం రాకుంటే అదే కార్యాలయంలోని అప్పిలేట్ అధికారికి, ఆ తర్వాత సమాచార కమిషన్‌కు వెళ్లవచ్చు.

కూలీల పేరు ఎక్కడా లేదు

అనుమతి పత్రం యజమానికి, కొనేవారికి సంబంధించినదని మాత్రమే భావిస్తారు. కూలీకి కూడా దానితో పని ఉంది. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంపై సెస్సు వసూలు చేసి సంక్షేమ మండలికి జమ చేస్తూ వచ్చారు. ఆ సెస్సును పురపాలక సంస్థలు అనుమతి ఇచ్చే సమయంలోనే కట్టించుకుంటాయి. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో పాత చట్టాలు కలిసిపోయినా సెస్సు, సంక్షేమ మండలి విధానం కొనసాగింది. అనుమతే లేని భవనానికి సెస్సు ఉండదు. కార్మిక శాఖ రికార్డులో ఆ పనిస్థలమే ఉండదు. అక్కడ ఎందరు పని చేస్తున్నారో, ఏ జిల్లా నుంచి వచ్చారో రాసిన పుస్తకం ఉండదు.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చే మేస్త్రీలు, కూలీలు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసు ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు అర్హులు. ఆధార్, ఫొటో, బ్యాంకు ఖాతా వివరాలతో మీసేవ కేంద్రంలో దరఖాస్తు చేయవచ్చు. కార్డును గడువు ముగిసేలోగా పునరుద్ధరించుకోవాలి. నామినీ పేరు రాయించడం మరువరాదు. గుత్తేదారు మాట్లాడుకునేటప్పుడు కూలి ఎంత అని అడిగే చోటే, రాత్రి ఎక్కడ పడుకోవాలని కూడా అడగాలి. స్లాబు కింద అన్న జవాబు వస్తే, సెంట్రింగ్ విప్పని స్లాబు కింద, సెల్లారు గుంత పక్కన పిల్లలతో పడుకోబోమని ముందే చెప్పాలి. స్థలం బయట రేకుల షెడ్డు వేయించడం గుత్తేదారుకు భారమేమీ కాదు.